ఎనిమిది రేసుల్లో ఏ రెండు? చిత్తూరు నుంచి బెంగళూరు రేసులకు వెళ్లేవారికి ఎంపిక సలహా

చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కితే పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. తిరుపతి నుంచైతే ఇంకో 70 కలుపుకోవాలి. మెజెస్టిక్‌లో దిగితే రేస్‌కోర్స్ రోడ్డు నడిచి పోయేంత దగ్గర. దారి పొడుగునా చాలామంది రేసు పుస్తకాన్ని మొదటి రేసు నుంచి చివరి రేసు దాకా ఒకే తీరున చదివి, ప్రతి రేసులోనూ ఒక పేరు చుట్టి పెట్టుకుంటారు. దాంతోనే సగం నష్టం ఖాయమైపోతుంది. ఎనిమిది రేసుల కార్డులో (ఆ రోజు రేసుల పట్టికలో) లెక్కకు లొంగేవి రెండో మూడో ఉంటాయి. ముందు రేసును ఎంచుకోవాలి, గుర్రం సంగతి ఆ తర్వాత.

దూరం ఒక్కటే చూస్తే చిత్తూరుకూ తిరుపతికీ చెన్నైలోని గిండీ రేస్‌కోర్సే దగ్గర. అయితే 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి ఆ స్థలానికి సీలు వేసింది కాబట్టి, అటు బయల్దేరే ముందు ఆ వారం రేసులు ఉన్నాయో లేవో కనుక్కోవాలి. హైదరాబాద్ మలక్‌పేట మనకు రాత్రంతా ప్రయాణం. అందుకే ఇక్కడి లెక్కలన్నీ బెంగళూరు కార్డును దృష్టిలో పెట్టుకుని రాసినవి. పద్ధతి మాత్రం ఏ కోర్సుకైనా ఒకటే.

చట్టం సంగతి ముందే తెలుసుకోండి. గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది చూసి ఇంట్లో కూర్చుని ఫోన్లో పందెం కాయవచ్చని అనుకోకూడదు. 2020లో చట్టాన్ని సవరించాక ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం నేరం. ఊళ్లో ఎవరో చీటీ రాసి తీసుకునే పందెం కూడా చట్టం ఒప్పుకునేది కాదు. కాయదలచుకున్నవారు కోర్సులోని అధికారిక కౌంటర్ దగ్గరే కాయాలి. పైగా పందెం మొత్తం విలువ మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతానికి పెరిగింది. ఇంత పన్ను పడేచోట ఎనిమిది రేసులూ ఆడి మిగుల్చుకోవడం దాదాపు అసాధ్యం. రేసులు తగ్గించుకోమని చెప్పడానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు.

ఏ రేసు చదవదగ్గది

కార్డులో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది మెయిడెన్ రేసు, అంటే ఇంతవరకూ ఒక్కసారి కూడా గెలవని గుర్రాలకు పెట్టేది. ఎక్కువగా చిన్న వయసువే ఉంటాయి. మన దేశంలో గుర్రం వయసు జనవరి 1 నుంచి లెక్కిస్తారు. జనవరిలో పుట్టినదీ మే నెలలో పుట్టినదీ పుస్తకంలో ఒకే వయసు. మూడేళ్లవాటి రేసులో ఆ నాలుగు నెలల తేడా కండలో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి పుట్టిన తేదీ తప్పకుండా చూడాలి. మెయిడెన్‌లో సగం గుర్రాలు మొదటిసారి దిగుతుంటే ఆ రేసు వదిలేయండి. అలాకాకుండా రెండు మూడు సార్లు పరుగెత్తి, రెండో మూడో స్థానాల్లో వచ్చిన గుర్రం ఒకటి ఉండి, మిగతావాటికి ఏ ఆధారమూ లేకపోతే అది చదవదగ్గ రేసే.

రెండోది హ్యాండిక్యాప్. ఏ గుర్రానికి ఎంత సత్తా ఉందో అంచనా వేసి రేటింగ్ ఇచ్చి, దాన్నిబట్టి వీపు మీద బరువు పెట్టి అందరినీ ఒక గీత మీదికి తెచ్చే ప్రయత్నం ఇది. కార్డులో ఎక్కువ భాగం ఇవే. ఇందులో అట్టడుగు తరగతి జోలికి పోకపోవడం మంచిది. అక్కడుండేవి వయసు మీరినవి, కాళ్ల బాధతో మధ్యమధ్య ఆగిపోయేవి, ఒక వారం మూడో స్థానంలో వచ్చి మరో వారం చివర్లో మిగిలేవి. పైగా గుంపు పెద్దది. మధ్య తరగతి, అంటే రేటింగ్ 40 నుంచి 65 వరకు ఉండే రేసులు కష్టానికి ఫలితం ఇస్తాయి. గుర్రాలు ఆరోగ్యంగా ఉంటాయి, ఒకదానితో ఒకటి ఇంతకుముందే పోటీ పడి ఉంటాయి, పోల్చడానికి సరుకు దొరుకుతుంది.

మూడోది టర్మ్స్ రేసు. డెర్బీ లాంటి పెద్ద రేసులన్నీ ఈ కోవలోవే. ఇక్కడ బరువును రేటింగ్ నిర్ణయించదు, వయసును బట్టీ ఆడమగ తేడాను బట్టీ పెడతారు. ఆడ గుర్రాలకు సాధారణంగా 1.5 కిలోల తగ్గింపు. మంచి గుర్రానికి అదనపు శిక్ష లేదు కాబట్టి గెలిచేది తరచుగా అందరికీ తెలిసినదే అవుతుంది. అంచనా సులువు, ధర (గెలిస్తే వచ్చే రాబడి) మాత్రం తక్కువ. చూసి ఆనందించడానికి ఇంతకు మించిన రేసు లేదు. లాభం కోసమైతే హ్యాండిక్యాపే.

అర కిలో లెక్క

హ్యాండిక్యాప్‌లో ఒక రేటింగ్ పాయింటు అంటే అర కిలో బరువు. 64 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తుంటే 56 రేటింగ్‌ది 56 కిలోలు మోస్తుంది. దీన్ని దూరంలోకి మార్చుకోవడానికి రేసులు చదివేవారందరూ వాడే మోటు కొలత ఒకటుంది: 1200 మీటర్లలో సుమారు ఒకటిన్నర కిలో ఒక లెంగ్త్‌కు సమానం, 1600లో సుమారు ఒక కిలో, 2400లో అర కిలో. దూరం పెరిగేకొద్దీ బరువు ఎక్కువ కోస్తుందన్నమాట. లెంగ్త్ అంటే గుర్రం ముక్కు నుంచి తోక దాకా, సుమారు 2.4 మీటర్లు. సెకనులో ఆరేడు లెంగ్త్‌లు దాటుతుంది.

ఇప్పుడు ఒక నమూనా రేసు చూద్దాం. గుర్రాలు కల్పితం, లెక్క నిజమైనది. 1200 మీటర్లు, రేటింగ్ 40–65, పన్నెండు గుర్రాలు. వాటిలో నాలుగింటిని విడదీశాం.

'అ': రేటింగ్ 64, బరువు 60 కిలోలు. కిందటిసారి ఇదే దూరంలో, ఇదే తరగతిలో 2 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. అప్పుడు దాని రేటింగ్ 57.

'ఇ': రేటింగ్ 56, బరువు 56 కిలోలు. ఆ రేసులో 'అ' వెనక రెండో స్థానం. రేటింగ్ మారలేదు.

'ఉ': రేటింగ్ 46, బరువు 51 కిలోలు. శిక్షణలో ఉన్న కుర్ర జాకీకి ఇచ్చే తగ్గింపు 2 కిలోలు పోను 49. కిందటి నాలుగు పరుగులూ 1400, 1600 మీటర్లలో. ప్రతిసారీ ముందుండి నడిపించి, చివరి 200 మీటర్లలో అలసిపోయింది. డ్రా నంబరు 1, అంటే బయల్దేరే గేటులో లోపలి కంచె పక్క స్థానం.

'ఎ': రేటింగ్ 60, బరువు 58 కిలోలు. ఒకప్పుడు పై తరగతిలో గెలిచింది. ఐదు నెలల విరామం తర్వాత వస్తోంది. డ్రా నంబరు 11.

జనం 'అ' మీద పడతారు, ఎందుకంటే పుస్తకంలో దాని పాత స్థానాల వరుసలో చివరి అంకె 1 అని ఉంటుంది. లెక్క వేయండి. అప్పుడు 'అ', 'ఇ' మధ్య రేటింగ్ తేడా 1, అంటే బరువు తేడా అర కిలో. ఇప్పుడు తేడా 8, అంటే 4 కిలోలు. 'ఇ'కి అనుకూలంగా మూడున్నర కిలోలు కలిసొచ్చాయి. 1200 మీటర్లలో అది సుమారు రెండుంపావు లెంగ్త్‌లు. ఓడింది 2 లెంగ్త్‌లతో. కాగితం మీద ఈసారి 'ఇ' మెడ తేడాతో ముందుండాలి.

కాగితం లెక్క అక్కడితో ఆగుతుంది. పాత రేసు వీడియోలో చూడాల్సినవి రెండు. 'అ' గెలిచినప్పుడు చివరి వంద మీటర్లలో జాకీ చేతులు కదల్చకుండా కూర్చున్నాడా, కొరడా తీశాడా? కూర్చునే గెలిస్తే ఆ 2 లెంగ్త్‌లు నిజానికి నాలుగు కావచ్చు, ఏడు పాయింట్ల శిక్ష దానికి చాలదు. కొరడాతో తోలించి గెలిచి ఉంటే దాని సత్తా అంతే, ఈ బరువుతో కష్టం. ఇక 'ఇ'కి మలుపు దగ్గర దారి దొరికిందా, లోపలి కంచె పక్కన ఇరుక్కుపోయి ఆలస్యంగా బయటపడిందా? ఇరుక్కుని ఉంటే 'ఇ' వైపు ఇంకా మొగ్గవచ్చు.

'ఉ' విషయంలో ఒక ఉచ్చు ఉంది. 1400 మీటర్ల రేసులో చివరి 200 దాకా ముందుందంటే 1200 మీటర్లు ముందున్నట్టే కదా, దూరం తగ్గించారు కాబట్టి గెలుస్తుంది అని చాలామంది అనుకుంటారు. 1400లో మొదటి 1200 మీటర్లు ఎవరూ 1200 రేసు వేగంతో పరుగెత్తరు. కాబట్టి అడగాల్సింది ఒకటే: ఈ రేసులో ముందుకు దూకే గుర్రాలు ఇంకెన్ని? పన్నెండింటిలో 'ఉ' ఒక్కటే అయితే, లోపలి డ్రా, 49 కిలోల బరువు కలిసి అది మలుపు తిరిగేసరికి మూడు లెంగ్త్‌ల ముందుండి, వెనకవాళ్లు మేలుకునేలోపు గీత దాటవచ్చు. దాని పక్కన మరో రెండు అదే తీరువి ఉంటే మూడూ ఒకదాన్నొకటి తినేసి, వెనక నుంచి వచ్చే 'ఇ'కి దారి ఇస్తాయి. ప్రతి గుర్రం పేరు పక్కన ము, మ, వె (ముందు, మధ్య, వెనక) అని ఒక అక్షరం రాసుకుంటే ఈ బొమ్మ రెండు నిమిషాల్లో తేలుతుంది. రేసు పుస్తకం చదవడంలో ఇంతకన్నా విలువైన రెండు నిమిషాలు ఉండవు.

తక్కువ బరువు గుర్రంతో ఇంకో చిక్కు. 50 కిలోలకు దిగగలిగే పేరున్న జాకీలు తక్కువ. అందుకే అడుగున ఉన్న గుర్రాలకు అనుభవం లేని చేతులు దక్కుతాయి. కుర్ర జాకీకి 'ముందుండి పోనీ' అన్న పని అప్పగిస్తే బాగా చేస్తాడు. గుంపులోంచి దారి వెతుక్కుని రావాల్సిన గుర్రమైతే ఆ 2 కిలోల తగ్గింపు ఒక్క తప్పు నిర్ణయంతో పోతుంది. జాకీ నిర్ణీత బరువుకు దిగలేక ఎక్కువతో ఎక్కితే ఆ రోజు ప్రకటిస్తారు, అదీ వినాలి.

'ఎ'ను ఈసారి వదిలేయడమే మా సలహా. విరామం తర్వాత మొదటి పరుగు చాలా గుర్రాలకు ఊపిరి సరిచేసుకోవడానికే సరిపోతుంది. బయటి డ్రా వల్ల మలుపులో ఎక్కువ దూరం తిరగాలి. రెండో పరుగులో చూడవచ్చు.

ఎంపిక: 'ఉ' ఒంటరిగా ముందుండేలా కనిపిస్తే 'ఉ', లేకపోతే 'ఇ'. 'అ' మొదటి మూడింట్లో ఉండవచ్చు, ఆ ధరకు విన్ (గెలుస్తుందని కాసే పందెం) మాత్రం వద్దు.

దిగి వచ్చింది, ఎక్కి వచ్చింది

పై తరగతి నుంచి దిగిన గుర్రమా, కింద గెలిచి పైకెక్కిన గుర్రమా అన్నది ప్రతి హ్యాండిక్యాప్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న. దిగినదానికి ఇక్కడ నెత్తిన పెద్ద బరువు, ఎక్కినదానికి తేలిక బరువు. మూడు నాలుగేళ్ల వయసుండి పైకెక్కేదైతే దానివైపే మొగ్గాలి, అది ఇంకా పెరుగుతున్న గుర్రం, రేటింగ్ దాని వెనకాల పరుగెత్తుతుంటుంది. ఆరేడేళ్లది కిందికి దిగితే చివరి రెండు పరుగుల్లో గెలిచినదానికి మూడు నాలుగు లెంగ్త్‌ల లోపు వచ్చిందో లేదో చూడండి. వచ్చి ఉంటే కిందివాటి మధ్య దానికి ఊపిరి ఆడుతుంది. పది పన్నెండు లెంగ్త్‌లు వెనకబడుతూ దిగిందంటే ఇంకా దిగుతుంది.

సమయాలను పోల్చేటప్పుడు జాగ్రత్త. వేర్వేరు రోజుల అంకెలను పక్కపక్కన పెట్టకండి. గడ్డి అరిగిపోకుండా లోపలి కంచెను కొన్ని మీటర్లు బయటికి జరుపుతుంటారు, దాంతో మలుపు పొడవు మారుతుంది. వేసవి సీజన్‌లో బెంగళూరు వాన నేలను మెత్తబరుస్తుంది. నేల ఎంత మెత్తగా ఉందో పెనెట్రోమీటర్‌తో కొలిచి అంకె ప్రకటిస్తారు, అది పెరిగితే నేల మెత్తబడిందని అర్థం. అలాంటి రోజు పెద్ద బరువు ఇంకా పెద్దదవుతుంది. అందుకని ఒకే రోజు, ఒకే దూరం జరిగిన రెండు రేసుల సమయాలను పోల్చండి. కింది తరగతి రేసు 1 నిమిషం 13.2 సెకన్లలో, పై తరగతిది 13.5లో ముగిస్తే, ఆ 0.3 సెకను అంటే రెండు లెంగ్త్‌లు. పై తరగతివాళ్లు నెమ్మదిగా నడిచి ఉండాలి, లేదా కింది రేసులో గెలిచింది గొప్ప గుర్రమై ఉండాలి.

పొద్దుటి గ్యాలప్‌లు

పత్రికల్లో వచ్చే ట్రాక్ వర్క్ (పొద్దుటి సాధన పరుగుల) అంకెలు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. 600 మీటర్లు 38 సెకన్లు అంటే చురుకైన పరుగు, 45 అంటే తేలిక నడక లాంటిది. అయితే ఎక్కింది జాకీనా, బరువైన రైడింగ్ బాయ్‌నా? పక్కన తోడు గుర్రం ఉందా? లోపలి ఇసుక ట్రాకా, బయటిదా? ఇవి లేకుండా అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఒకే గుర్రం పాత అంకెలతో పోల్చడమే సరైన వాడకం. ఎప్పుడూ 42లో పోయేది ఈ వారం చేతులు కదల్చకుండా 39లో పోతే అది వార్త. మొదటిసారి దిగేవాటికి గేటు సాధన నివేదిక చూడండి. గేటు తెరవగానే ఆలస్యంగా కదిలిందని రాసి ఉంటే 1100, 1200 మీటర్ల రేసులో ఆ లోపం సరిదిద్దుకునే సమయం దానికి ఉండదు.

కళ్లకు బ్లింకర్లు మొదటిసారి కడుతున్నారా అనేది పుస్తకంలో గుర్తుగా ఉంటుంది. పక్కచూపు ఆపి ముందుకే చూసేలా చేసే గంతలవి. దిక్కులు చూస్తూ చివర్లో మందగించే గుర్రానికి మేలు చేస్తాయి. ముందే ఉరుకులు పెట్టేదానికి కడితే ఇంకా రెచ్చిపోయి త్వరగా అలసిపోతుంది.

ప్యాడాక్ దగ్గర

సంతలో పశువును బేరమాడేవాడు ముందు దాన్ని నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు. రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపే ప్యాడాక్ దగ్గరా ఆ చూపే కావాలి. వెనక కాలు ముందు కాలి ముద్రను దాటి పడుతుంటే నడక సాఫీగా ఉన్నట్టు. వెంట్రుక నిగనిగలాడాలి. పక్కటెముకలు లీలగా కనిపించాలి, పొట్ట కిందికి వేలాడకూడదు. మెడ మీద కొంచెం తడి మామూలే. వెనక తొడల మధ్య తెల్లటి నురగ కట్టి, తల విసురుతూ, పట్టుకుని నడిపించే సైసును ఈడ్చుకుపోతుంటే అది రేసును ఇక్కడే పరుగెత్తేస్తోంది. ఎప్పుడూ అలాగే చెమటపట్టి గెలిచే గుర్రాలూ ఉన్నాయి కాబట్టి దాన్ని అంతకుముందు చూసినవారికే ఈ గుర్తు ఉపయోగం. మొదటిసారి చూస్తుంటే, మీరు ఎంచుకున్నదాన్ని వద్దనుకోవడానికి మాత్రమే ప్యాడాక్‌ను వాడండి. కొత్తదాన్ని ఎంచుకోవడానికి వద్దు.

ఏ టికెట్టు

మీ గుర్రానికి గెలిచే అవకాశం నాలుగింట ఒకటి అనుకుంటే, ఒకటికి మూడుకు మించి ఇస్తేనే విన్ టికెట్టు దండగ కాదు. అంతకన్నా తక్కువ ధరకు ఎంత నమ్మకమున్నా ఆగాలి. ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చెల్లేది) సురక్షితంగా కనిపిస్తుంది కానీ పేరున్న గుర్రం మీద వచ్చేది చిల్లరే. ఎప్పుడూ గెలవకుండా ఎప్పుడూ రెండో స్థానంలో వచ్చే గుర్రాలకు సెకండ్ హార్స్ పూల్ ఉంది. అది సరిగ్గా రెండో స్థానంలో వస్తేనే డబ్బు, గెలిస్తే రాదు. మన నమూనాలో 'ఇ', 'ఉ' ఇద్దరూ బాగా కనిపిస్తే క్వినెల్లా సరైనది, మొదటి రెండు ఏ వరుసలో వచ్చినా చెల్లుతుంది. ఫోర్‌కాస్ట్‌లో వరుస కూడా తప్పకూడదు. తనాలాలో మొదటి మూడూ వరుసగా రావాలి. నాలుగు గుర్రాలను అన్ని వరుసల్లో కలిపితే 24 టికెట్లు. జాక్‌పాట్‌కు వరుసగా ఐదు రేసుల విజేతలు కావాలి. రేసుకు రెండేసి పెడితే 32 టికెట్లు, మూడేసి పెడితే 243. ఎనిమిదింటిలో రెండే చదవదగ్గవని ఒప్పుకున్నాక ఐదింటి మీద పందెం వేయడంలో అర్థం లేదు.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ఆ రోజు పోయినా ఫర్వాలేదనుకునే మొత్తం విడిగా జేబులో పెట్టుకోండి, దారి ఖర్చు వేరే జేబులో. మూడో రేసులో పోయినదాన్ని నాలుగో రేసులో రాబట్టాలని చూడడం ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచింది. అప్పు తెచ్చి, ఇంటి ఖర్చులోంచి తీసి ఆడేవారు ఇక్కడికి రాకూడదు.

గుర్రాలు గేటు దగ్గరికి పోయాక కూడా ఒక పని మిగిలే ఉంటుంది. ఏదైనా గుర్రాన్ని తప్పించారేమో విని, మీ ము, మ, వె అక్షరాలు మళ్లీ చూడండి. తప్పించింది ముందుండే గుర్రమైతే 'ఉ'కి పోటీ పోయింది, ఎంపిక మారాలి. రేసు అయ్యాక ఓడిన గుర్రాల్లో గేటులో ఆలస్యమైనది, మలుపులో కంచెకు నొక్కుకుపోయినది, దారి తెరుచుకున్నాక చివరి వంద మీటర్లలో అన్నిటికన్నా వేగంగా వచ్చినది ఉంటే పేరు, తేదీ, బరువు రాసుకోండి. మూడు నాలుగు వారాల్లో అది మళ్లీ కార్డులోకి వస్తుంది. పక్కన అంకె 6 అనో 7 అనో ఉంటుంది, దాన్ని చూసి జనం దాటిపోతారు, ధర బాగుంటుంది.